భూమి వయసు 6,000 ఏళ్ళేనా? వీబీఎస్ పుస్తకం, సైన్సు పుస్తకం, మధ్యలో గౌరీపట్నం రాళ్ళు

పేరూరు_పెంకుటిల్లు
ఈ ఎండాకాలం చర్చి సెలవుల బైబిల్ బడి, అదే వీబీఎస్‌కి వచ్చిన పాఠాల పుస్తకంలో భూమి పుట్టి 6,000 ఏళ్ళేనని, పాత వస్తువుల వయసు కొలిచే కార్బన్ పరీక్ష ఒట్టి బూటకమని రాసుంది. అదే పిల్లలు జూన్‌లో బడికెళ్తే సైన్సు మాస్టారు 460 కోట్ల ఏళ్ళంటారు. ఇది చాలదన్నట్టు ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక హేతువాది గారు "సైన్సు నమ్మితే చర్చి మానండి, చర్చికెళ్తే సెల్‌ఫోను మానండి" అని పెట్టారు. ప్రసంగాలు వద్దండి, అవి కావాల్సినన్ని ఉన్నాయి. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకి వయసు ఎలా కొలుస్తారో కళ్ళారా చూపించడానికి మన వైపు ఏదైనా ఉందా?

పులస_ప్రియుడు
భూమి సంగతి తెలీదు గానీ కోనసీమలో గట్టు తగాదాలు మాత్రం ఆదాము కాలం నాటివే.

నల్లరాయి
చేతి కిందే ఉంది. కొవ్వూరు దాటి దేవరపల్లి వైపు వెళ్ళండి. పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. నిర్మలగిరి మేరీమాత దగ్గరకి ఏటా బస్సులు కట్టుకుని వెళ్తారు గదా, ఆ చుట్టుపక్కల కంకర క్వారీల గోడలే పాఠం.

కింద నల్లరాయి. అది గడ్డకట్టిన లావా, బసాల్టు. దాని మీద తెల్లగా, లేత పసుపుగా సున్నపు మట్టి పొర. దాని మీద మళ్ళీ నల్లరాయి. మధ్య పొరలో నత్తగుల్లలు, ఆల్చిప్పల పెంకులు దొరుకుతాయి. అంటే ఒక లావా పారి చల్లారింది, దాని మీదకి ఉప్పునీళ్ళు వచ్చాయి, అందులో జీవాలు పుట్టి, పెరిగి, చచ్చి పొరగా పేరుకున్నాయి, ఆ తరవాత ఇంకో లావా వచ్చింది. పై లావా తగిలిన చోట సున్నపు పొర పైఅంచు కాలి రంగు మారిందేమో చూడమనండి. కింది అంచు అలా కాలదు, ఎందుకంటే ఆ పొర పడేనాటికే కింది లావా చల్లారిపోయింది. దీనికి ఏ కార్బన్ పరీక్షా అక్కర్లేదు, కళ్ళు చాలు.

2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల మీద రాసింది. మధ్య పొరలో కంటికి కనపడనంత చిన్న సముద్రజీవుల గుల్లలు దొరికాయి. అవి డైనోసార్లు పోయిన వెంటనే వచ్చిన కాలానివి. లెక్క సుమారు 6.5 కోట్ల ఏళ్ళు. వాళ్ళ వ్యాసంలో ఒక క్వారీ పేరు చర్చి క్వారీ. నేను పెట్టింది కాదు.

లేసు_నర్సాపురం
నల్లరాయి గారూ, బైబిల్ వాక్యం నమ్మేవాళ్ళం అడిగే ప్రశ్నలు కూడా వినండి. అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతంలో 1986లో గడ్డకట్టిన రాయిని ఆర్గాన్ పద్ధతిలో పరీక్షకి పంపితే 3.5 లక్షల ఏళ్ళని వచ్చింది. పదేళ్ళ రాయికి! అలాగే కోట్ల ఏళ్ళనే బొగ్గులో కూడా కార్బన్-14 కనిపించింది. ఈ రెండిటికీ జవాబు చెప్పకుండా 6.5 కోట్లంటే ఎలా నమ్మాలి?

హేతువు_కాకినాడ
ఇవన్నీ అమెరికా నుంచి దిగుమతైన కరపత్రాలండీ. జవాబు చెప్పడం కూడా దండగే.

నల్లరాయి
దండగ కాదు, మంచి ప్రశ్నలే. చెప్తాను.

ఆర్గాన్ సంగతి. రాయిలోని పొటాషియం-40 మెల్లగా చాలావరకు కాల్షియంగా, కొంత ఆర్గాన్‌గా మారుతుంది, సగం మారడానికి 125 కోట్ల ఏళ్ళు పడుతుంది. పదేళ్ళ రాయిలో కొలవగలిగినంత ఆర్గాన్ పుట్టనే పుట్టదు. పైగా ఆ లావాలో లోతు నుంచి వచ్చిన పాత స్ఫటికాలు కరక్కుండా మిగిలి ఉంటాయి, వాటిలో చిక్కుకున్న పాత ఆర్గాన్ కూడా లెక్కలోకి వచ్చింది. లారీలు తూచే కాటా మీద తులం బంగారం పెట్టి కాటా దొంగదంటే ఏం చెప్తాం?

ఇంకో విషయం చూడండి. ఆ తప్పు మొత్తాన్ని, 3.5 లక్షల ఏళ్ళనీ, మన పంగిడి రాయి వయసులోంచి తీసేయండి. 6.5 కోట్లలో అది అర శాతం పైచిలుకు. 6.5 కోట్లు 6,000 కావాలంటే పదివేల రెట్లకు పైగా తప్పు జరగాలి. ఆర్గాన్ తప్పులు రెండు వైపులా వస్తాయని కూడా గుర్తుంచుకోండి. ఎండకీ వానకీ శిథిలమైన రాయి ఆర్గాన్ వదిలేస్తుంది, అప్పుడు వయసు తక్కువగా చూపిస్తుంది. అందుకే పైన ఎర్రబారిన రాయి కాకుండా లోపలి తాజా రాయి తీసి, ఒకే రాయిని మెట్లు మెట్లుగా వేడి చేస్తూ ప్రతి మెట్టులో వచ్చిన ఆర్గాన్ వయసు విడివిడిగా చూస్తారు. ఎక్కువ మెట్లు ఒకే వయసు చెప్తే తీసుకుంటారు, లేకపోతే ఆ నమూనా పక్కన పడేస్తారు.

కార్బన్ సంగతి. ఒకప్పుడు బతికినవాటిలో ఉండే కార్బన్-14 మెల్లగా తరిగిపోతుంది, సగం తరిగే కాలం 5,730 ఏళ్ళు. పది సగాలు అయ్యేసరికి, అంటే 57,000 ఏళ్ళకి, వెయ్యో వంతు మిగులుతుంది. దాని అవతల కొలత లేదు. అసలు కార్బన్-14 మిగలని బొగ్గులో 1 శాతం కొత్త కార్బన్ చేరితే (బూజు, భూమిలో నీళ్ళు, ల్యాబులో గాలి, ఏదైనా కావచ్చు) అది 37-38 వేల ఏళ్ళని చూపిస్తుంది. బొగ్గుకి వచ్చిన అంకెలు ఆ చుట్టుపక్కల, అంతకు పైన ఉండేవే. ఆ అంకెలు నిజమని పట్టుకున్నా 6,000కి ఆరు రెట్లు దాటాయి గదండీ, మీ వాదనకి అవి కూడా పనికిరావు.

నల్లరాయికి కార్బన్ పరీక్ష చెయ్యరు. లావాలో ప్రాణుల నుంచి వచ్చిన కార్బన్ లేదు. మీ పుస్తకం కార్బన్‌ని తిట్టి లాభం లేదు, భూమి వయసు చెప్పింది అది కాదు.

పులస_ప్రియుడు
ఆయ్, అంటే తిట్లు తప్పు డోరుకి డెలివరీ అయ్యాయన్నమాట.

గంటస్తంభం
6,000 ఎక్కడిదో కూడా పిల్లలకి చెప్పండి. బైబిల్లో ఆ అంకె ఎక్కడా లేదు. ఆదికాండము 5, 11 అధ్యాయాల్లో ఎవరు ఎన్నేళ్ళకి ఎవర్ని కన్నారో కూడితే వచ్చేది. ఐర్లండు ఆర్చిబిషప్పు అషర్ 1650లో అలా కూడి క్రీ.పూ. 4004 అన్నాడు. ఇంగ్లీషు బైబిళ్ళ మార్జిన్లో ఆ తేదీలు అచ్చు వేసేసరికి అవి కూడా వాక్యమే అనుకున్నారు జనం.

అదే లెక్క పాత గ్రీకు అనువాదం సెప్టువజింటులోంచి కూడితే వెయ్యేళ్ళకు పైగా తేడా వస్తుంది, కనే వయసులు అక్కడ ఎక్కువ రాసున్నాయి కాబట్టి. లూకా 3:36 తీసి చూడండి. అర్పక్షదుకీ షేలహుకీ మధ్య కేయినాను ఉంటాడు. ఆదికాండము 11లో ఉండడు. మన తెలుగు బైబిలు చాలు దీనికి, హెబ్రీ రానక్కర్లేదు. వంశావళిలో పేర్లు వదిలెయ్యడం మామూలైనప్పుడు దాన్ని పట్టుకుని భూమి జాతకం రాయకూడదు.

లేసు_నర్సాపురం
కేయినాను సంగతి తెలుసండి. నకలు రాసినవాళ్ళ పొరపాటు అని కొందరంటారు. వాక్యం ఆరు దినాలంటే ఆరు దినాలే.

గంటస్తంభం
మీ బ్రదరన్ క్రైస్తవ శాఖ పెద్దలే అందరూ అలా అనలేదు. మీ సభల్లో దశాబ్దాల పాటు చదివిన స్కోఫీల్డు బైబిల్ 1909లో వచ్చింది. ఆదికాండము మొదటి వచనానికీ రెండో వచనానికీ మధ్య ఎంతకాలమైనా పట్టి ఉండొచ్చని, శిలాజాలు అక్కడివని దాని నోట్సులో ఉంది. 6,000 ఏళ్ళు, ఒక్క జలప్రళయంలోనే రాళ్ళన్నీ అనే వాదం అమెరికాలో 1961 తరవాత ఊపందుకుంది. బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు 1836లో నర్సాపురం వైపు వచ్చేటప్పుడు తెచ్చింది కాదు.

ఇంకా వెనక్కెళ్తే, అగస్టీన్ 1600 ఏళ్ళ కిందటే ఆదికాండము వ్యాఖ్యానంలో హెచ్చరించాడు. ఆకాశం గురించీ భూమి గురించీ అవిశ్వాసికి బాగా తెలిసిన విషయాల్లో క్రైస్తవుడు బైబిల్ పేరు చెప్పి తప్పు మాట్లాడితే, పునరుత్థానం గురించి చెప్పే మాట కూడా వాళ్ళు నమ్మరని. వీబీఎస్ పుస్తకం వేసినవాళ్ళు అది చదివితే బావుణ్ణు.

కాలవగట్టు
మా కాలవల శాఖ వైపు నుంచి ఒక మాట. మనం నిలబడిన డెల్టా నిజంగానే సుమారు ఆరేడు వేల ఏళ్ళది. మంచుయుగం మంచు కరిగి సముద్రం పైకొచ్చి, సుమారు 7,000 ఏళ్ళ కింద నిలకడపడింది. అప్పట్నుంచి గోదావరి తెచ్చిన ఒండ్రు సముద్రంలోకి ముందుకి పేరుకుంటూ వచ్చింది. కొల్లేరు అప్పట్లో సముద్రపు ఒడ్డున ఉండేది, ఇప్పుడు ఎంత లోపల ఉందో చూడండి. ఉపగ్రహ చిత్రంలో నర్సాపురం, మొగల్తూరు వైపు పెద్దది చేసి చూస్తే సముద్రానికి ఇంచుమించు సమాంతరంగా వంపు గీతలు కనిపిస్తాయి. అవి పాత ఒడ్లు. మెరక మీద కొబ్బరితోటలు, ఊళ్ళు, మధ్య పల్లంలో వరి.

ఈ ఇసుక మెరకలకి కార్బన్ పరీక్ష బాగా పనికొస్తుంది. కానీ గుల్ల ఎంచుకోవడంలో దెబ్బతింటారు. విరిగి అరిగిపోయిన గుల్ల వద్దు, అది ఇంకా పాత ఒడ్డు నుంచి కొట్టుకొచ్చి ఉంటుంది. రెండు చిప్పలూ మూసుకుని, బతికినప్పుడున్నట్టే నిలబడి దొరికింది కావాలి. పైపొర యాసిడ్‌తో కరిగించి తీసేస్తారు. సముద్రపు నీళ్ళలో కార్బన్ పాతది కాబట్టి సముద్రపు గుల్ల ఉన్నదానికంటే సుమారు 400 ఏళ్ళు ఎక్కువ చూపిస్తుంది, అది తగ్గించాలి. గుల్ల దొరక్కపోతే ఇసుకరేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో కొలిచే పద్ధతి ఉంది. దానికి ఇనప గొట్టాన్ని గుంట గోడలోకి కొట్టి, రెండు చివరలూ నల్లగుడ్డతో మూసి, వెలుతురు తగలకుండా పంపాలి. ఒక్క నిమిషం ఎండ పడ్డా నమూనా పోయినట్టే.

ఈ ఒండ్రు కిందేమో కృష్ణా-గోదావరి బేసిన్‌లో 5 కిలోమీటర్లు దాటిన మడ్డి పొరలు. ఓఎన్‌జీసీ వాళ్ళు ఏ పొరలో ఏ కాలం గుల్లలున్నాయో చూసుకునే బావి దింపుతారు.

పులస_ప్రియుడు
మొత్తానికి వీబీఎస్ పుస్తకం చెప్పిన 6,000 మన డెల్టాకి సరిపోయింది. భూమి అనే చోట కోనసీమ అని రాసుకుంటే సరి. మా అమలాపురం వాళ్ళం ఎప్పట్నుంచో అదే అంటున్నాం.

హేతువు_కాకినాడ
సర్దుబాటు బాగానే ఉంది గానీ అసలు ప్రశ్న తప్పించుకుంటున్నారు. ఆదికాండము అక్షరాలా నిజం కాదని ఒప్పుకుంటే, మిగతాది నిజమని ఏ గీటురాయి మీద చెప్తారు? సైన్సు ఎక్కడ గెలిస్తే అక్కడ "అది ఉపమానం" అంటారు, గెలవని చోట "అది సత్యం" అంటారు. గెలీలియోని 1633లో శిక్షించి, తప్పు జరిగిందని 1992లో ఒప్పుకున్నారు. 359 ఏళ్ళు.

గంటస్తంభం
గెలీలియో తప్పు తప్పే, దాన్ని సమర్థించను. కానీ చర్చి ఒక పక్క, సైన్సు ఒక పక్క అన్న బొమ్మ కూడా సరిగ్గా లేదు. కోపర్నికస్ చర్చి ఉద్యోగి. మన నల్లరాయి గారు వాడిన "కింది పొర పాతది" సూత్రం రాసిన స్టెనో తరవాత బిషప్పయ్యాడు. మెండెల్ బ్రనో మఠంలో సన్యాసి. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసిన లెమేత్ర్ కేథలిక్ ఫాదరు. ఆయన సిద్ధాంతాన్ని సృష్టికి రుజువన్నట్టు పోప్ 12వ పయస్ 1951లో మాట్లాడితే లెమేత్ర్ కే నచ్చలేదు. తన సిద్ధాంతం మతం ప్రశ్నలకి పూర్తిగా బయటిదన్నాడు.

హేతువు_కాకినాడ
శాస్త్రజ్ఞుడికి భక్తి ఉండటం భక్తికి సాక్ష్యం కాదు. న్యూటన్ రసవాదం కూడా చేశాడు, అందుకని సీసం బంగారమైపోతుందా? లెమేత్ర్ లెక్క నిలబడింది గెలాక్సీల కొలతల వల్ల. ఆయన వేసుకున్న అంగీ వల్ల కాదు.

నల్లరాయి
దీన్ని నేను ఒప్పుకుంటాను. అదే మాట ఊరి గ్రూపులో పెట్టిన ఆ వాట్సాప్ పోస్టుకీ వర్తిస్తుంది. మెండెల్ బఠానీ లెక్క వాడుకోవడానికి మఠంలో చేరక్కర్లేదు, మఠం మానక్కర్లేదు.

కాలవగట్టు
ధవళేశ్వరం చూడండి. కాటన్ దొర పక్కా క్రైస్తవుడు. 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ఇసుక మీద ఆనకట్ట నిలుస్తుందన్న ధైర్యం కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట చూసి తెచ్చుకున్నాడు, ఆ సంగతి తనే చెప్పుకున్నాడు. ఇసుకలోకి బావులు దింపి వాటి మీద కట్టడం, దిగువన నీళ్ళు కోసెయ్యకుండా రాతి పరుపు వెయ్యడం, వరదకి ఆ రాళ్ళు కొట్టుకుపోతే మళ్ళీ నింపడం. ఎస్టిమేట్లో ప్రార్థనకి పద్దు లేదు. ఆ నీళ్ళతో స్నానం చేసే పురోహితులు ఆయన్ని భగీరథుడని శ్లోకం కట్టి తలుచుకుంటారు. ఎవరి దేవుడు వాళ్ళ దగ్గరే ఉన్నాడు, రాతి పరుపు మాత్రం అందరికీ ఒకటే.

హేతువు_కాకినాడ
సరే, నాస్తికులకి ఏం జరిగిందో కూడా రాయండి. గోరా గారు కాకినాడ పీఆర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. దేవుడు లేడన్నందుకు 1933లో ఉద్యోగం తీసేశారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆయన్ని తీసేసింది చర్చి కాదులెండి, అది ఒప్పుకుంటాను. బ్రహ్మసమాజం వాసన ఉన్న కాలేజీ అది.

పులస_ప్రియుడు
అంటే అందరూ కలిసి ఒకే పని చేశారన్నమాట. మతసామరస్యం.

నిర్వాహకుడు
మతమార్పిడి, కులం మీద పెట్టిన మూడు పోస్టులు తీసేశాను. అంశం మీద ఉండండి.

రెండో_వంతెన
అన్నీ రాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. ఊళ్ళలో అసలు గొడవ స్వస్థత కూడికలండి. ప్రార్థనతో రోగం పోతుందా లేదా అని ఎవరైనా సరిగ్గా పరీక్షించారా?

హేతువు_కాకినాడ
చేశారు. అమెరికాలో 2006లో అచ్చైంది, గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద. మూడు గుంపులు. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియకుండా ప్రార్థన జరిగినవాళ్ళలో 52 శాతం మందికి ఆపరేషన్ తరవాత ఇబ్బందులొచ్చాయి. అలాగే తెలియకుండా, ప్రార్థన జరగనివాళ్ళలో 51. ప్రార్థన జరుగుతోందని తెలిసినవాళ్ళలో 59. డబ్బిచ్చింది మతాన్ని సైన్సుతో కలపాలనుకున్న టెంపుల్టన్ ఫౌండేషనే.

లేసు_నర్సాపురం
"మీ దేవుడైన యెహోవాను శోధింపకూడదు", ద్వితీయోపదేశకాండము 6:16. ప్రార్థన మందు కాదు, చీటీలేసి పంచడానికి. అడగడం మన వంతు, ఇవ్వడం ఆయన చిత్తం. ఆ పరీక్ష దేన్నీ రుజువు చెయ్యదు.

హేతువు_కాకినాడ
మంచిది. అలాగైతే ఫ్లెక్సీ మీద "క్యాన్సర్ మాయం" అని సాక్ష్యం కూడా వెయ్యకూడదు. పరీక్షకి నిలబడనిది ప్రకటనకి మాత్రం ఎలా నిలబడుతుంది?

పులస_ప్రియుడు
మలాకీ 3:10లో మాత్రం శోధించి చూడమన్నాడండోయ్. అది దశమభాగం కానుక దగ్గర.

లేసు_నర్సాపురం
నవ్వొచ్చింది, ఒప్పుకుంటా. ఫ్లెక్సీల విషయంలో నేను హేతువు గారి వైపే. మా సంఘాల్లో పెద్దలు ఆ కూడికల్ని మొదట్నుంచీ ఒప్పుకోరు.

మందులకొట్టు
ఏ మందు ఆపితే ఏమవుతుందో రాస్తాను, పాస్టర్లు కూడా చదువుతారని.

టీబీ: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తరవాత 4 నెలలు మూడు. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. ప్రార్థనతో నయమైందని సాక్ష్యం చెప్పించేది సరిగ్గా అప్పుడే. బతికి ఉన్న క్రిములు ఇంకా లోపలే ఉంటాయి, మాత్రలు ఆపితే మందుకి లొంగని రకం పైకొస్తుంది, ఇంట్లో మిగతావాళ్ళకి కూడా అదే అంటుకుంటుంది.

చిన్నపిల్లల షుగరు, టైపు 1: ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే కీటోన్లు పెరిగి, వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం. దీనికి ఆగే సమయం ఉండదు, వెంటనే ఆసుపత్రి.

మూర్ఛ: మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్లు ఆగకుండా వస్తాయి. బీపీ: ఆపినా ఏమీ తెలీదు, అదే ప్రమాదం.

షుగరు, మూర్ఛ, క్యాన్సరు, పక్షవాతం లాంటివి మంత్రంతో, తాయెత్తుతో, అద్భుత శక్తితో నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం కింద నేరం. ఏ మతమైనా ఒకటే. ప్రార్థన చెయ్యండి, నేనెవర్ని కాదనడానికి. వేదిక మీద నుంచి "మాత్ర మానకండి" అన్న ఒక్క ముక్క చెప్పండి, అది చాలామంది డాక్టర్ల మాట కంటే బాగా వింటారు.

రెండో_వంతెన
ముంబయిలో 2012లో శిలువ విగ్రహం పాదాల నుంచి నీళ్ళు కారిన కేసు?

హేతువు_కాకినాడ
విలే పార్లేలో. హేతువాది సనల్ ఇడమరుకు వెళ్ళి చూస్తే వెనక గోడ చెమ్మ, కింద మూసుకుపోయిన మురుగు కాలవ. సన్న సందుల్లోంచి నీళ్ళు తమంతట తాము పైకి పాకి మేకు రంధ్రం దగ్గర బయటపడ్డాయి. తీర్థమని తాగుతున్నది ఆ నీళ్ళే. చెప్పినందుకు మతాన్ని కించపరిచారని ఆయన మీద 295ఏ సెక్షను కింద కేసులు పెట్టారు, ఫిన్లాండు వెళ్ళిపోయారు. పిల్లలకి చూపించాలంటే గ్లాసుడు రంగునీళ్ళలో నూలు వత్తి ఒక చివర ముంచి, రెండో చివర గ్లాసు అంచు మీదుగా బయటికి, లోపలి నీటిమట్టం కంటే కిందకి వేలాడదీయండి. కాసేపటికి చుక్క రాలుతుంది. చివర మట్టానికి పైన ఉంటే వత్తి తడుస్తుంది గానీ చుక్క పడదు, అక్కడే చాలామంది ప్రదర్శన చెడిపోతుంది.

పేరూరు_పెంకుటిల్లు
వత్తి ప్రయోగం పెట్టేస్తాను. మాత్రల ముక్క పాస్టరు గారికి పంపాను, ఆదివారం చదువుతామన్నారు. గౌరీపట్నం కూడా ఖాయం చేశాం, ముప్పై మంది పిల్లలు, ఆయన కూడా వస్తారు. ఏం పట్టుకెళ్ళాలి?

నల్లరాయి
ముందు క్వారీ వాళ్ళ అనుమతి, పేలుళ్ళ వేళలు కనుక్కోండి. గోడ కింద నిలబడొద్దు, రాళ్ళు రాలతాయి. కింద పడిన దిమ్మలు చాలు.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఐదారుగురికి ఒకటి. బాత్రూమ్ కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు. యాసిడ్‌ని నీళ్ళలో పొయ్యాలి, నీళ్ళని యాసిడ్‌లో పొయ్యకూడదు. ఇంటి దగ్గరే పెద్దవాళ్ళు కలిపి చుక్కల ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్ళండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. కళ్ళకి రక్షణ అద్దాలు, వంటసోడా పొట్లం, నీళ్ళు ఉంచుకోండి.

చుక్క వేస్తే సున్నపు రాయి బుసబుస పొంగుతుంది, నల్లరాయి పొంగదు. ఇక్కడ ఒక తిరకాసుంది. నల్లరాయిలో గాలిబుడగల గుంటలు తెల్లటి కాల్సైటుతో నిండి ఉంటాయి, చుక్క దాని మీద పడితే అది కూడా పొంగుతుంది, పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. తెల్లమచ్చ లేని, అప్పుడే పగలగొట్టిన ముఖం మీద వెయ్యండి. నిమ్మరసంతో చెయ్యాలనుకుంటే రాయి పొడి చెయ్యాలి, గట్టి రాయి మీద కనపడీ కనపడనట్టు ఉంటుంది.

లేసు_నర్సాపురం
నేనూ వస్తానండి. కాలిన అంచు నా కళ్ళతో చూడాలి. ఒప్పుకుంటానని మాత్రం అనుకోవద్దు.

నల్లరాయి
రండి. సుత్తి నాది, రాయి మీ ఇష్టం.

పులస_ప్రియుడు
మధ్యాహ్నం భోజనాలు ఎవరివో తేల్చండి ముందు.